ఆత్మకూరు తుడిచిన రోజు

ఇందాకే కొరియర్ వచ్చింది. అట్టపెట్టె విప్పకముందే అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తి "ఎనిమిదోదా?" అన్నాడు. మా అత్త మాత్రం నింపాదిగా వచ్చి, కొత్త డైరీ చేతిలోకి తీసుకొని, ఒక కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసి, "పోయినేటి దానికంటే మందంగా ఉండాది. అప్పడాల మధ్యన వేసేకి బాగుంటాది" అని మెచ్చుకొనింది. నవ్వుకుంటే నవ్వుకోనీ. కొత్త డైరీ చేతిలోకొస్తే నాకు ఇప్పటికీ కాళ్ళు నేలమీద నిలవవు. ఆ నున్నటి అట్ట, ఒక్క గీత కూడా పడని ఆ పేజీలు, ఈ ఏడాది నేను పూర్తిగా మారిపోతానని కచ్చితంగా చెబుతున్నట్టే ఉంటాయి. ఏడేళ్ళుగా ప్రతి డిసెంబర్లోనూ అవి చెబుతూనే ఉన్నాయి, నేను నమ్ముతూనే ఉన్నాను.

ఇది పాల లెక్కలు రాసుకునే డైరీ అనుకునేరు. కాదు, ప్లానర్. ఇందులో పొద్దున ఎన్నింటికి లేవాలో రాసుకోవడానికి ఒక గడి, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగామో రంగు వేయడానికి ఎనిమిది సున్నాలు, ఈ రోజు దేనికి సంతోషపడ్డామో రాయడానికి రెండు గీతలు ఉంటాయి. వీడియోల్లో ఒకమ్మాయి ఇవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి చూపిస్తుంది. నేనూ రంగు పెన్నులు కొన్నాను, పువ్వుల స్టిక్కర్లు కొన్నాను. మొదటి ఏడాది జనవరి ఒకటో తేదీన 'సంతోషం' గీతల మీద ఏం రాయాలో తోచక "కరెంటు పోలేదు" అని రాశాను. రెండో తేదీనా అదే రాశాను. మూడో తేదీ కరెంటు పోయింది. ఆరో తేదీన మరిచిపోయి, పదో తేదీన గుర్తొచ్చి, నాలుగు రోజుల నీళ్ళూ ఒకేసారి తాగినట్టు ముప్పైరెండు సున్నాలకు నీలం రంగు పూశాను. దొంగతనం చేసినట్టు తలుపు దగ్గరికేసి మరీ పూశాను! ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగానే ఉండిపోయాయి. మిగతా ఆరు డైరీల కథా ఇదే, కాకపోతే ఒకటి మాత్రం ఫిబ్రవరి దాకా పోయింది. ఏడింట్లోనూ మొదటి పేజీలో, 'ఈ ఏడాది నా పెద్ద లక్ష్యం' అని అచ్చేసిన చోట, ఒకటే మాట ఉంటుంది: కారు నేర్చుకోవాలి.

మా అత్త ఐదో తరగతి చదివింది. ఆమె ప్లానర్ వంటింటి గోడకు ఉంటుంది. మాది బేతంచెర్ల, అంటే చెప్పేదేముంది, బండల ఊరు. మా వాళ్ళది మొదట సేద్యమే, మామ కాలంలో పాలిష్ ఫ్యాక్టరీ పెట్టారు. ఈ ఇల్లు కట్టేటప్పుడు మిగిలిపోయిన నాపబండ ఒకటి, పాలిష్ పట్టనిది, నల్లటిది, నా నడుమెత్తుది, వంటింటి తలుపు పక్కన గోడకు ఆనించి ఉంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగినాక అత్త దాని ముందు కూర్చొని సుద్దముక్కతో నాలుగు పనులు రాస్తుంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటి నా అరచెయ్యంత. పని చేసినవాళ్ళు తడిగుడ్డతో దాన్ని తుడిచెయ్యాలి. సాయంత్రానికి బండ నల్లగా ఉండాలి, అంతే. ఇంకో షరతు కూడా ఉంది. పని చెయ్యకుండా తుడిచినవాళ్ళు, తెలిసి తుడిచినా తెలియక తుడిచినా, ఆ పని తలకెత్తుకోవాల్సిందే. మామ ఉన్న రోజుల్లో ఒకసారి స్నానం చేసి తడి టవల్ భుజాన వేసుకొని ఆ బండకు ఆనుకున్నాడు. "కారం పట్టించాల" అన్న అక్షరాలు టవల్‌కు అంటుకొని పోయాయి. ఫ్యాక్టరీకి పది లారీలు వచ్చి నిలబడి ఉన్నా అత్త వదల్లేదు. పాపం మామ మిరపకాయల మూట మోసుకొని పోయి, మర దగ్గర వరుసలో కూర్చొని తుమ్మి తుమ్మి, సాయంత్రానికి ఎర్రటి ముక్కుతో ఇంటికొచ్చాడు.

ఆ బండ మీద పైన కుడి మూలన ఒక్క మాట మాత్రం ఎప్పుడూ ఉండేది: ఆత్మకూరు. అత్త వాళ్ళ అక్క అక్కడ ఉంటుంది, నేను పెద్దత్త అంటాను. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు కానీ ఒకరినొకరు చూసుకొని నాలుగేళ్ళయింది. పెద్దత్తకు మోకాళ్ళ నొప్పులు, గడప దాటలేదు. మా అత్తకు బస్సు పడదు, ఎక్కిన పది నిమిషాలకే వాంతులు, అందులోనూ నంద్యాలలో దిగి బస్సు మారాలి. మా ఆయనను అడిగితే "వచ్చే ఆదివారం పోదాం మా" అంటాడు. ఆదివారం వచ్చేసరికి మిషన్ రిపేరు, లేదంటే లోడు. వీటన్నిటికంటే పెద్ద బాధ ఇంకొకటుంది. పెద్దత్తకు చూపు తగ్గుతా వస్తోంది. ఇంక పెరగదని డాక్టరు చెప్పేశాడు. "నా మొగం ఆమెకు ఆనకుండా పోయేలోపల ఒకసారి పోవల్ల" అని అత్త ఎప్పుడో ఒకసారి అనింది, మళ్ళీ అనలేదు. సుద్ద వెలిసిపోయినప్పుడల్లా ఆ మాట మీదే మళ్ళీ దిద్దేది. నాకేమో అది పని అనే సంగతే తోచేది కాదు. రోజూ చూసీ చూసీ, బండతో పాటు పుట్టిన మచ్చ అనుకునేదాన్ని.

ఈ ఏడాది జనవరి ఒకటిన ఏం జరిగిందో చెబుతాను. వీడియోలో ఆ అమ్మాయి "పాతదంతా తుడిచేయండి, కొత్తగా మొదలుపెట్టండి" అనింది. నాకు ఎక్కడలేని ఊపు వచ్చేసింది. డైరీ ఒక్కదానికే ఎందుకు, ఇంటికంతా ప్లాన్ వేద్దామనుకున్నాను. అత్త స్నానానికి పోయిన పది నిమిషాల్లో తడిగుడ్డ తీసుకొని బండ మొత్తం, ఆ మూల నుంచి ఈ మూల దాకా, తళతళలాడేలా తుడిచేశాను. రంగు సుద్దలతో ఏడు గడులు గీసి, సోమవారం మంగళవారం అని రాసి, చుట్టూ తీగ కూడా వేశాను. అత్త తల తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నా. ఆమె కండ్లు మాత్రం పైన కుడి మూలకే పోయాయి. అక్కడ నేను గీసిన గులాబీ రంగు పువ్వు ఉంది.

"ఆత్మకూరు యాడ పాయ పాపా?" అనింది.

"మళ్ళీ రాస్తా అత్తా, ఇదో, ఇప్పుడే రాస్తా" అని సుద్ద కోసం తడుముకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. కోపం లేదు, నవ్వూ లేదు. "తుడిచినాక రాసేది లేదు. తుడిచినావంటే ఇంగ నువ్వే చెయ్యల్ల" అనింది. మా ఆయన నా అవస్థ చూసి, "దానికేం మా, ఈ ఆదివారం నేనే తీసకపోతా" అన్నాడు. అత్త ఆయన వైపు తిరిగి, "తుడిచింది నువ్వా, ఆమా?" అనింది. ఆయన చెప్పులేసుకొని ఫ్యాక్టరీకి పోయాడు.

ఆ వారమే కారు నేర్చుకోవడానికి ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. ఏడేళ్ళు డైరీలో ఉన్న పని ఏడు రోజుల్లో మొదలైంది! మా లారీ నడిపే పెద్దాయన ఉన్నాడు, ఊరంతా మామూ అంటారు, ఆయన నేర్పిస్తానన్నాడు. పొద్దున ఆరింటికి, ఫ్యాక్టరీ వెనక, కోసేసిన రాతి ముక్కలు గుట్టలుగా పోసే మైదానంలో నా పాఠాలు. మొదటి రోజు క్లచ్ వదలగానే కారు ఎగిరి దూకి ఆగిపోయింది. "మెల్లగ వదులమ్మా, అది యాడికీ పారిపోదు" అన్నాడు మామూ. మూడో రోజు బ్రేకు అనుకొని ఇంకోటి తొక్కి ముక్కల గుట్టలోకి ముక్కు దూర్చేశాను. తెల్లటి దుమ్ము లేచి ఇద్దరం పిండిలో పొర్లినట్టు తయారయ్యాం. బంపరు సొట్టపోయింది. నేను స్టీరింగ్ మీద తలపెట్టి ఏడుస్తుంటే, మామూ గడ్డం దులుపుకొని, "నేను లారీతో మా నాయిన గోడనే కూల్చినా. రివర్స్ ఎయ్యి" అన్నాడు. ఇంటికొచ్చి ఇంక నా వల్ల కాదు అని చెప్పేద్దామని వంటింట్లోకి పోయాను. బండ మీద నా రంగు గడులు ఎప్పుడో పోయాయి, అత్త తన నాలుగు పనులు తాను రాసుకుంది. కుడి మూల మాత్రం వదిలేసింది. ఆ ఖాళీ చూసి వెనక్కి తిరిగాను. మరుసటి రోజు ఆరింటికి మళ్ళీ పోయాను. ఆ నెలంతా పోతూనే ఉన్నాను. ఎండలు ముదరకముందే టెస్టు పాసయ్యాను. లైసెన్సు తెచ్చి అత్త ఒళ్ళో పెడితే, ఫోటో చూసి "శానా భయపడినట్టుండావే" అని, లేచి ట్రంకు పెట్టె తెరిచి చీర వెతుక్కుంది.

అబ్బా, ఆ ప్రయాణం! తెల్లవారుతూనే బయల్దేరాం, మేమిద్దరమే. అత్త ముందు సీట్లో, చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో ఓళిగల డబ్బా, అదే, బొబ్బట్లు. కిటికీ అద్దం పూర్తిగా దించేసింది. పాణ్యం దాటేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకొనే ఉన్నాం. నంద్యాలలో ఒక కూడలిలో, సరిగ్గా నడిమధ్యన, బండి ఆగిపోయింది. వెనక బస్సు, పక్కన ఆటోలు, హారన్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి. అత్త కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమప్పా, అంత ఆత్రమైతే ఎగిరి పో! నా కోడలు నేర్చుకుంటాంది!" అని అరిచింది. బస్సు డ్రైవర్ పగలబడి నవ్వి హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. బండి స్టార్టయింది. ఆ తర్వాత వెలుగోడు దారిలో కుడివైపు నల్లమల కొండలు, రోడ్డు పక్కన ఆరబోసిన ఎర్రటి మిరపకాయలు, ఆ ఘాటుకు ఇద్దరం తుమ్ముతూ నవ్వుతూ, మామను తలుచుకుంటూ పోయాం. దారి పొడుగునా అత్తకు ఒక్కసారి కూడా వాంతి రాలేదు. నిమ్మకాయ మాత్రం పిసికి పిసికి గుజ్జు చేసేసింది.

పెద్దత్త వసారాలో మంచం మీద కూర్చొని ఉంది. మేము వస్తున్నట్టు చెప్పలేదు, అత్త చెప్పనివ్వలేదు. గేటు చప్పుడుకు తల తిప్పి, "ఎవరమ్మా?" అనింది. మా అత్త పోయి ఆమె ముందు, వెలుతురు ముఖాన పడేలా, కూర్చుంది. పెద్దత్త ముందుకు వంగి, కండ్లు చిట్లించి, చాలాసేపు చూసింది. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. దేవుడా, ఆలస్యం చేసేశామా అనుకున్నా.

"ఏమే," అనింది పెద్దత్త, "ముక్కుపుడక మార్చినావే?"

మా అత్త నలభై మంది భోజనాలు ఒంటిచేత్తో వండినా కండ్లు చెమర్చని మనిషి. అక్క ఒళ్ళో తల పెట్టుకొని ఆడపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "కనపడతాండాను, ఆమెకు కనపడతాండాను" అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో. నేనూ ఏడ్చాను, సిగ్గుపడేదేముంది. సాయంత్రం దాకా అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే మంచం మీద కూర్చొని, ఒకరి మొగం ఒకరు చూసుకుంటూ, ఓళిగలు తింటూ, ఎప్పటెప్పటివో తగాదాలన్నీ తీసి మళ్ళీ పోట్లాడుకున్నారు.

మరుసటి రోజు పొద్దున నేను లేచి వంటింట్లోకి వచ్చేసరికి అత్త బండ ముందు కూర్చొని ఉంది. పైన కుడి మూలన, కొత్త సుద్దతో, ఇంకా పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఆత్మకూరు. నేను తెల్లబోయి, "నిన్ననే పోయొస్తిమి కదా అత్తా?" అన్నాను. ఆమె నా వైపు విడ్డూరంగా చూసి, "పోయొస్తే? మళ్ళ పోవద్దా?" అనింది. ఆ తర్వాత నాలుగుసార్లు పోయొచ్చాం. పోయినసారి పెద్దత్తకు ముక్కుపుడక కనపడలేదు, వేళ్ళతో తడిమి చూసి ఇదే కదా అనింది. మా అత్త అవునక్కా అదే అని ఆ చేతిని అట్లాగే ముక్కుకు ఆనించి పట్టుకుంది. ఇంటికొచ్చి మూలన మళ్ళీ రాసింది.

ఎనిమిదో డైరీ ఇప్పుడు నా ముందు తెరిచే ఉంది. రంగు పెన్నులు తీశాను, స్టిక్కర్లు తీశాను, 'నా పెద్ద లక్ష్యం' దగ్గర ఏం రాయాలో మాత్రం తోచడం లేదు. వంటింట్లోంచి అత్త "పాపా, బండిలో పెట్రోలు ఉండాదా?" అని కేకేస్తోంది. ఏడేళ్ళ పాటు గడులు గీసి, రంగులు పూసి, పట్టి ఉంచుకుందామనుకున్న రోజుల్లో ఆ నీలం సున్నాలు తప్ప ఒక్కటీ నాకు గుర్తులేదు. పొరపాటున తడిగుడ్డతో తుడిచేసిన ఆ రోజు నుంచి మాత్రం, ఏ పొద్దున ఏం జరిగిందో మీరెప్పుడు అడిగినా చెప్పగలను.