ఏడో గుండీ

ఆ రోజు పొద్దున నేను లెక్కపెట్టానా, లేదా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు. తెలియదంటే నిజంగానే తెలియదు, నాటకం కాదు.

చెరకు సీజన్ అయిపోయి, ఓవర్‌హాలింగ్ కోసం ఫ్యాక్టరీని ఆపిన రోజులవి. కరెంటు తయారుచేసే టర్బైన్ మూత విప్పి పెట్టారు. అందులో ఒక్క గుండీ పడి ఉన్నా సరే, మళ్లీ తిప్పితే లోపలి రెక్కలు దెబ్బతింటాయి. అందుకని చుట్టూ తాడు కట్టి, నన్ను రిజిస్టరుతో కూర్చోబెట్టారు. లోపలికి వెళ్లేవాళ్ల ఉంగరాలు, వాచీలు, ఫోన్లు తీయించాలి. పనిముట్లూ చొక్కా గుండీలూ లెక్క రాసుకుని, బయటికొచ్చేటప్పుడు సరిచూడాలి. ఉద్యోగంలో కొత్త. భవానీపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది గుండీలు లెక్కపెట్టడానికా, ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అని ఒళ్లు మండిపోయేది.

మూత మళ్లీ దించి బిగించే రోజు సాయంత్రం అందరికంటే ఆఖరున మేస్త్రి గారు బయటికొచ్చారు. ఏళ్ల తరబడి ఆ టర్బైన్‌ని విప్పి బిగించేది ఆయనే. ఆ పనంటే ఆయనకి ప్రాణం. గుండీలు లెక్కపెట్టాను. ఆరు. రిజిస్టర్లో ఏడు.

"పొద్దున్నే లేదండీ అది. కుట్టమంటే రేపు చూద్దాంలే అంది మా ఆవిడ," అన్నారు.

చీఫ్ ఇంజనీరు నావైపు తిరిగారు. "నువ్వు లెక్కపెట్టే రాశావా?"

మేస్త్రి గారి చొక్కా మీదుగా నా వేలు కదిలినట్టు గుర్తుంది. కానీ అది ఆ రోజా, ముందు రోజా? ఆలోచన తెమలకముందే నోరు తెరుచుకుంది.

"లెక్కపెట్టానండీ."

అంతే, మూత దించబోతున్న క్రేన్ ఆగిపోయింది. లోపల కూర్చోబెట్టిన రెక్కల ఇరుసుని, అదే రోటర్‌ని, మళ్లీ పైకి లేపారు. ఆటోనగర్ నుంచి పొడుగు పిడి అద్దాలు తెప్పించి, మర్నాడు మధ్యాహ్నం దాకా మూలమూలా వెతికారు. గుండీ దొరకలేదు. అయినా చీఫ్ ఊరుకోలేదు. "గుండీ ఎక్కడ ఊడిందో తెలియని మనిషి ఇక్కడ వద్దు," అని మేస్త్రి గారిని పంపుల షెడ్డుకి మార్చేశారు.

అప్పుడు రిజిస్టరు తిరగేశాను. పేజీ నిండా ఏడు, ఏడు, ఏడు. టీషర్టు వేసుకొచ్చిన వెల్డరుకి కూడా ఏడే రాశాను! ఛీ, ఏం మనిషినిరా నేను అనిపించింది. పోనీ, మేస్త్రి గారివి మాత్రం నిజంగా లెక్కపెట్టానేమో? ఏమో. చీఫ్ దగ్గరికి వెళ్లి చెబుదామని లేచాను. అంతలో మేస్త్రి గారే ఎదురొచ్చారు. తిడతారనుకున్నాను.

"ఏమనుకోకండి బాబూ," అన్నారు. "మీరు లెక్కపెట్టి రాశాక ఇంకేముంది? మా ఆవిడతో అన్నది వేరే చొక్కా గురించేమో. నాకే మతి తప్పుతున్నట్టుంది. టర్బైన్ దగ్గర నేను లేకపోవడమే మంచిదిలెండి."

"అయ్యో, అదేం లేదండీ," అన్నాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

ఆయన పంపుల షెడ్డు వైపు నడిచారు. కొంత దూరం పోయాక ఆగి, చొక్కా గుండీలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే తడుముకున్నారు. మళ్లీ మొదటి నుంచి తడుముకున్నారు.