పార్వతమ్మ పూసల బల్ల

పుంగనూరుకు చెందిన పార్వతమ్మ, మదనపల్లెలోని ఒక విత్తన పరీక్షాశాలలో గాజుసామాను కడిగే పనికి 1994లో చేరింది. పన్నెండేండ్లు గడిచేసరికి పూసల బల్ల ఆమెదైంది. ఆ పూసలు విడివిడిగా కంటికి ఆనవు. నీటిలో కలిపితే పలుచని పాలవలె కనిపిస్తాయి. టమోటా ఆకుముడత తెగులును పసిగట్టే డి.ఎన్.ఏ. పోగులను ఆ పూసల పైపూతకు అతికించడమే ఆమె విద్య. మెరుపు రంగు చేర్చిన ఆ పోగులు ఎంత బాగా అతికితే, పరీక్ష దీపం కింద పూసలు అంత పచ్చగా వెలుగుతాయి.

మరి కొన్నేండ్లకు కుప్పం నుంచి ఎం.ఎస్సీ. చదివిన రమ్యశ్రీ వచ్చింది. ఎవరి పూసలు బాగా వెలిగితే బల్ల వారికే అప్పగిస్తానన్నాడు అధికారి రామచంద్ర. నాటి నుంచి పార్వతమ్మకు అన్నం సహించలేదు. ఆ పిల్ల సన్నని వేళ్లు కూడా ఆమెకు నేరంగా తోచాయి. రామచంద్ర ఆ పిల్లను "మేడమ్" అనడం మరీ నేరం. తనను ఏనాడూ "ఏమమ్మా" దాటి పిలిచి ఎరుగడు.

అతికించే పొడి సీసాను ఫ్రిజ్ నుంచి తీశాక, అరగంట మూత విప్పకూడదు. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ చేరి పొడి సత్తువ పోతుంది. రమ్యశ్రీ తన సీసాను తీసిన వెంటనే తెరిచింది. పార్వతమ్మ చూసింది; చూసి, తల వంచుకొని తన పని చేసుకొంది.

మరునాడు దీపం కింద పార్వతమ్మ పూసలు పచ్చగా వెలిగాయి. రమ్యశ్రీవి మసకగా ఉండిపోయాయి.

"ఈడ ఫ్రిజ్ సరిగ్గా సూసుకోరేమో సార్" అంది రమ్యశ్రీ.

ఫ్రిజ్ సంరక్షణ పార్వతమ్మదే. ఆమెకు ఒళ్లు మండింది.

"నా ఫ్రిజ్‌నంటావా? సీసా సల్లగా ఉండంగానే మూత తీస్తివి! నా కండ్లారా సూసినాను."

"సూసి యాల సెప్పలేదక్కా?"

"కడుపుమంటతో సెప్పలేదు, పో!"

రామచంద్ర ఇద్దరినీ మళ్లీ చేయమన్నాడు. ఈసారి రమ్యశ్రీ అరగంట ఆగింది.

ఇద్దరి పూసలున్న రెండు గాజుగొట్టాలను దీపం కింద పెట్టారు. పార్వతమ్మ వాటిని కుడియెడమలు మార్చి చూసింది. కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి చూసింది. ఎటు మార్చినా రమ్యశ్రీ గొట్టమే మిన్నగా వెలుగుతోంది.

బల్ల తాళంచెవి అప్పగించి, ఆమె తన స్టూలు చంకన పెట్టుకొంది.

"ఇది నా సొంతం. నువ్వు నిలబడే సేసుకో" అంటూ పక్క గదికి వెళ్లిపోయింది.