అత్తిపత్తికి ఉపకారవేతనం

ఆవిణ్ణి అందరూ నీళ్ళక్క అనేవారు. విశ్వవిద్యాలయంలో మొక్కల షెడ్డుకు ఇరవై రెండేళ్ళుగా నీళ్ళు పోస్తోంది. ఏ కుండీకి ఎన్ని చెంబులో ఆచార్యులకన్నా ఆవిడకే బాగా తెలుసు. అయినా ఆవిడ సంతకం ఏనాడూ హాజరు పట్టీ దాటి పోలేదు.

ఆ షెడ్డులోనే ఒక అమ్మాయి అత్తిపత్తి మీద పరిశోధన చేస్తుండేది. ఉపకారవేతనానికి దరఖాస్తు నింపుతూ, తొందరలో తన పేరు రాయాల్సిన గడిలో మొక్క పేరు రాసేసింది. మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. అత్తిపత్తికి ఉపకారవేతనం మంజూరైందట, స్వయంగా హాజరు కావాలట.

అమ్మాయి ఆఫీసుకు పరుగెత్తి, పొరపాటైందని మొత్తుకుంది.

"సవరణంటే రెండేళ్ళు పడుతుందమ్మా. మొక్కొస్తే రేపే అయిపోతుంది," అన్నాడు గుమాస్తా.

అమ్మాయి ఏడుపు మొహంతో షెడ్డుకు తిరిగొచ్చింది. సంగతి విన్న నీళ్ళక్క మాత్రం, "ఓస్, ఇంతేనా! పద, తీసుకెళ్దాం," అంటూ మర్నాడు కుండీని చంకనెత్తుకుంది.

గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, కుండీ వైపే చూస్తూ అడిగాడు. "తండ్రి పేరు?"

మొక్క పలకలేదు.

"ఎక్కణ్ణుంచో వచ్చి పడ్డ విత్తనమండీ. ఎవరని చెప్పమంటారు?" అంది నీళ్ళక్క.

"అయ్యో పాపం," అని గుమాస్తా 'అనాథ' అని రాసుకున్నాడు. "సరే, వేలిముద్ర వేయించండి."

సిరా డబ్బా తగిలిందో లేదో, అత్తిపత్తి ఆకులన్నీ ముడుచుకుంది.

"ఏమిటా మొండితనం? నిరాకరించిందని రాసేయమంటారా?"

"వద్దు బాబూ! కొత్తవాళ్ళంటే దానికి సిగ్గు. మీరు కాస్త అటు తిరగండి."

ఆయన గోడ వైపు తిరిగాడు. వరుసలో ఉన్నవాళ్ళనీ తిరగమన్నాడు. పావుగంట సేపు ఆఫీసంతా గోడలు చూస్తూ నిలబడింది. ఆకులు మెల్లగా విచ్చుకున్నాయి. నీళ్ళక్క చెయ్యి తగలగానే మళ్ళీ ముడుచుకున్నాయి.

గుమాస్తా విసిగిపోయాడు. "అసలు దీని వయసెంత?"

"ఏడాదిన్నర."

"ముందే చెప్పొద్దూ! మైనరైతే సంరక్షకుల సంతకం చాలు. దీని తిండీ నీళ్ళూ చూసేదెవరు?"

అమ్మాయి నీళ్ళక్కను చూపించింది. ఆవిడ కలం అందుకుంది. చివరి అక్షరం గడి దాటి బయటికొచ్చింది. బాగానే ఉందా అని రెండుసార్లు తల వంచి చూసుకుంది. అమ్మాయి పేరును సహాయకురాలి గడిలో ఎక్కించి, గుమాస్తా ముద్ర కొట్టాడు. డబ్బు అమ్మాయికే వచ్చింది.

ఏడాది చివర సమీక్ష జరిగింది. నీ ప్రగతి ఏమిటని అధికారి అత్తిపత్తినే అడిగాడు.

నీళ్ళక్క లేచి నిలబడింది. "రెండు కొమ్మలేసిందండీ. పూత కూడా పట్టింది."

"పనంటే ఇదీ!" అంటూ అధికారి బల్ల చరిచాడు. మిగతా పరిశోధకులు తలలు దించుకున్నారు.

ఆ కబురు ఎలా చేరిందో అమ్మాయి ఇంటికి చేరింది. "ఆ మొక్కకున్న బుద్ధి నీకు లేకపోయిందే!" అని వాళ్ళమ్మ వారం రోజులు సాధించింది. చివరికి నీళ్ళక్కే వెళ్ళి సర్దిచెప్పాల్సి వచ్చింది.