పద్నాలుగు సి సీటుకు చక్రాల కుర్చీ

ఆ రోజుల్లో నేను పెద్ద మేధావిని. ఇంజనీరింగ్ పూర్తయి ఉద్యోగం రాని ప్రతి మనిషికీ కొంతకాలం ఆ యోగం ఉంటుంది. నంద్యాలలో మా మిద్దె మీద అమ్మ బట్టలారేసే ఇనుప కట్టెకే ఒక యాంటెన్నా బిగించి, ఎంతో ఎత్తున పోయే విమానాలు నేల మీది కేంద్రాలకు పంపే సందేశాలను లాప్‌టాప్‌లో చదివేవాణ్ణి. బయలుదేరిన సమయం, మిగిలిన ఇంధనం, దారిలో గాలి, దిగాక కావలసిన ఏర్పాట్లు, అన్నీ ఫోన్ మెసేజీల్లా అక్షరాలుగా కిందికి వస్తుంటాయి. కింది నుంచి జవాబులూ పోతాయి. కాకపోతే ఆ కేంద్రాలు దూరాన నేలబారున ఉంటాయి గనక వాటి మాట మా మిద్దెకు అందేది కాదు. అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినడం లాంటిదే, ఒకవైపు తెలుస్తుంది, రెండోవైపు మనమే ఊహించుకోవాలి. (ఊహలకు నా దగ్గర ఏనాడూ కరువు లేదు.)

బడిపంతులైన మా నాయనకు ఈ విద్య నచ్చలేదు. "ఎవుళ్ల సంగతులో నీకేలరా? ఆదివారం లోపల ఆ కట్టె మీదిది పీకెయ్. ఇత్తనాల కంపెనీలో అడిగి పెట్టినా, సోమవారం నుంచి పో," అన్నాడు. నేను బతిమాలితే ఒక పరీక్ష పెట్టాడు. "శుక్రవారం మీ అత్త ఇమానం ఎక్కుతాంది గదా. ఆమె సంగతి ఏందన్నా ఒకటి చెప్పు. చెప్తే ఉండనీ."

అత్త అంటే నాయనకు అక్క, ఆళ్లగడ్డలో ఉంటుంది. చర్చి సంఘం స్త్రీల కూటానికని హైదరాబాద్ నుంచి చెన్నైకి మొట్టమొదటిసారి విమానంలో పోతోంది. ఎక్కగానే ఫోన్ ఆపేయమని ఆమెకు గట్టిగా చెప్పింది నేనే. మామ ఆళ్లగడ్డలోనే రాళ్లు చెక్కుతాడు. రాయితోనైనా రెండు మాటలు మాట్లాడతాడేమో గానీ అత్తతో మాట్లాడగా మేమెవరం చూడలేదు.

శుక్రవారం పొద్దున అత్త తన సీటు పద్నాలుగు సి అని నాకు ఫోన్ చేసి చెప్పింది. నేను మిద్దె మీద, అమ్మ ఆరబోసిన మిరపకాయల మధ్య కూర్చున్నాను. విమానం బయలుదేరిన అరగంటకు దాని నంబరుతో ఒక సందేశం తెర మీదికి వచ్చింది: పద్నాలుగు సి, చక్రాల కుర్చీ ఒకటి. నేను ఎగిరి గంతేశాను. దాచడమెందుకు, నాకు ముందు కలిగింది సంతోషమే. "నాయనా, అత్త సీటు! అత్త సీటు నుంచే!" అని మెట్లు దిగుతూ అరిచాను. అంతా చెప్పి నాయన మొహం చూశాక గానీ, రెండు కాళ్ల మీద నడిచి విమానమెక్కిన మనిషికి దిగేటప్పుడు కుర్చీ ఎందుకన్న ప్రశ్న నాకు తట్టలేదు.

తరువాత నా చేతిలో ఏమీ లేదు. నాయన మామకు ఫోన్ చేశాడు. "పడిందో, ఏమైందో తెల్యదు బావా." మామ ఫోన్ పెట్టేశాడు. అత్త ఫోన్ మోగనే లేదు. అమ్మ వంటింట్లో మోకరించింది. ఆళ్లగడ్డలో పాస్టరు గారు పదిమందితో వచ్చి ప్రార్థన పెట్టేసరికి ఇంట్లో మామ లేడు, కారు మాట్లాడుకుని చెన్నై దారి పట్టాడు. నేను మళ్లీ మిద్దెక్కి ఇంకొక ముక్క వస్తుందేమోనని తెర చూస్తూ కూర్చున్నాను. ఆ విమానం దిగడానికి కిందికి పోయింది, ఇక వినపడదు. నిజంగా భయమేసింది.

రెండున్నరకు నాయన ఫోన్‌కు ఒక కొత్త నంబరు నుంచి అత్త చేసింది.

"నాకేమయిందిరా? బాగుండా. ఎవురో పెద్దామె, కిటికీ పక్కన కండ్లు తిరుగుతాండాయంటే నా సీటిచ్చి నేను లోపల కూసుంటి. మోకాళ్ల నొప్పులు ఆమెకు. కుర్చీ ఆమెకే తెచ్చిరి. ఫోనా? మళ్లా యెయ్యమని ఎవురూ చెప్పల్యా గదా!"

(ఆళ్లగడ్డ బస్సులో ఇరవై ఏళ్లుగా అందరి సీట్లూ సర్దుతూ వచ్చిన మనిషి. ఆ సంగతి నా లెక్కలోకి రాలేదు.)

మామ అప్పటికి కడప దాటాడు. సంగతి చెబితే "సరే" అని వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి దిగినప్పుడు కాళ్లకు చెప్పులు లేవని పాస్టరు గారే చూసి చెప్పారు. పని దగ్గర లేచినవాడు లేచినట్టే పోయాడట.

ఆదివారం నాయన పటకారు తీసుకుని మిద్దెక్కబోతుంటే అత్త చెన్నై నుంచి వచ్చి నేరుగా మా ఇంట్లో దిగింది. "దాన్ని ముట్టద్దురా. ముప్పై ఏండ్లకు ఆయప్ప నాకోసం ఒట్టికాళ్లతో పరిగెత్తినాడని ఆ కట్టె వల్లనే తెలిసె," అంది. నాయన పటకారు పక్కన పెట్టాడు. సోమవారం నేను మాత్రం విత్తనాల కంపెనీకి పోయాను.

ఇప్పుడు నా ఉద్యోగం హైదరాబాద్‌లో, ఆనాడు నాకు వినపడని నేలవైపు. విమానాలు అడుగుతుంటే జవాబులు పంపేది మేమే. చక్రాల కుర్చీ సందేశం రోజుకు పదిసార్లయినా వస్తుంది, "ఏర్పాటు చేశాం" అని కొట్టేస్తాను. కొట్టేముందు ఒక్క క్షణం, అత్తకేమైందో ఆలోచించకుండా మెట్ల మీద గంతులేసిన ఆ మేధావి గుర్తొచ్చి సిగ్గేస్తుంది. వెంటనే చెప్పుల్లేని మామ గుర్తొస్తాడు. నవ్వుకుని జవాబు పంపుతాను.