కాలువ ఆఖరు ఊరి సారు

మా సారు పోయారని సోమవారం పొద్దున ఆయన అన్న ఫోన్ చేశారు. "మీ సారు ఇగ లేడు బిడ్డా" అని పెట్టేశారు.

ఎనభైల చివర నిజామాబాద్‌లో సారు మాకు అర్థశాస్త్రం చెప్పేవారు. వెనకబడ్డ ప్రాంతాల అభివృద్ధి మీద ఆయన పరిశోధన. ఆ పాఠం కోసం మమ్మల్ని బస్సెక్కించి, బోధన్ అవతల నిజాంసాగర్ కాలువ ఆఖరి ఊరికి తీసుకెళ్లారు. అది ఆయన సొంతూరే. చుట్టూ మనిషెత్తు చెరుకు. కాలువలో మడమలు తడిసేన్ని నీళ్లు.

"అభివృద్ధిని కాలువ మొదట్ల నిలవడి సూడొద్దు. ఆఖర్ల నిలవడి సూడాలె" అన్నారు.

ఏ ఇంట్లో చెంబు చేతికిచ్చినా, "బావిల నీళ్లు ఎంత కిందికి పోయినయ్?" అని అడిగాకే తాగేవారు. జవాబు ఏటేటా లోతుకు పోయేది.

తర్వాత ఆయన సర్కారు కమిటీల్లోకి వెళ్లారు. నేను ఆయన దగ్గరే పరిశోధనకు చేరాను. ఆ ఊరి పక్కన కొత్త చక్కెర ఫ్యాక్టరీ పెట్టొచ్చా అని సర్కారు ఆయన కమిటీని అడిగింది. పిల్లలకు నౌకరీలొస్తాయని ఊరంతా ఆశపడింది. సారు కమిటీకి చెప్పి ఊరుకోలేదు. ఊరికి వెళ్లి అందరి ముందూ చెప్పారు.

"డ్యామ్ పూడుకపోతున్నది. ముందుముందు మనదాంక నీళ్లు రావు. ఫ్యాక్టరీ వద్దని నేనే రాసిన. మీరు గూడ చెరుకు తగ్గించుకోండ్రి."

ఎవరూ అరవలేదు. నాకు భయమేసింది అందుకే. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మిగిలింది సారు అన్న ఒక్కరే.

"సొంతూరి నోట్ల మన్ను గొట్టినవ్ తమ్మీ. ఇగ నా గడప తొక్కకు."

సారు ఏళ్ల తరబడి తొక్కలేదు. ఫ్యాక్టరీ రాలేదు. ఊళ్లో చెరుకూ తగ్గలేదు. వాన ఆలస్యమైన ఏడు, పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి మబ్బు కోసం చూసేవారు. మేం కూడా అటే చూసేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటాక వరుసగా వానలు తప్పాయి. కాలువ నీళ్లు రాలేదు. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండాయి. చెరుకు నిలబడ్డది నిలబడ్డట్టే ఎండి, గాలికి గరగరమనేది. ఆ చప్పుడు వినలేక ఊళ్లోవాళ్లు పగలే తలుపులు వేసుకునేవారట.

ఓ మధ్యాహ్నం అన్న నిజామాబాద్‌లో సారు ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డారు.

"నువ్వు సెప్పినట్లే అయ్యింది తమ్మీ."

సారు ముఖం తెల్లబోయింది. "నా మాట తప్పు గావాలనే మొక్కుకున్న అన్నా, ఇన్నేండ్లు" అంటూ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

మర్నాడే ఊరికి వెళ్లారు. జొన్న, శనగ విత్తనాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొందరు విత్తుకున్నారు. కొందరి ఇళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. ఇవాళ నా క్లాసులో ఏ విద్యార్థినైనా ముందు ఊరి సంగతి అడుగుతానంటే, అది ఆయన దగ్గర నేర్చిందే.

సారు చితికి ఆ కాలువ గట్టునే నిప్పు పెట్టారు. స్నానాలకు ట్యాంకర్ తెప్పించారు. మా ఒంటి మీది నీళ్లు కాలువలోకి జారి, నాలుగడుగులు కూడా పోకుండా నెర్రెల్లోకి ఇంకిపోయాయి. ఎక్కడినుంచో ఒక మేక దిగొచ్చి, ఆ తడి మట్టికి మూతి ఆనించి, చాలాసేపు తల ఎత్తలేదు.