వంజరం పెట్టె

మా కాలనీలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా వైజాగ్ వెళ్తున్నారని తెలిస్తే చాలు, ముందురోజు సాయంత్రానికల్లా ఇరుగుపొరుగు చీటీలతో వచ్చేస్తారు. ఒకరికి వంజరం ముక్కలు, ఒకరికి ఎండు నెత్తళ్ళు, ఇంకొకరికి మాడుగుల హల్వా. మా గనుల ఊరు కిరండూల్‌లో ఇనుము కావాలంటే కొండలకొద్దీ ఉంది కానీ మంచి సముద్రపు చేప దొరకదు. ప్యాసింజరు పొద్దున్నే ఇక్కడ బయల్దేరి, సొరంగాలన్నీ దాటుకుని సాయంత్రానికి వైజాగ్ చేరుతుంది. అంత దూరం పోయి ఉత్త చేతులతో తిరిగి రావడం మావాళ్ళ దృష్టిలో మర్యాద కాదు.

నేను రెండేళ్ళపాటు దాదాపు నెలనెలా వెళ్ళాను, చేపల కోసం మాత్రం కాదు. పెళ్ళైన నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మొదటిసారి కాలనీ అంతా పరామర్శకు వచ్చింది. బొప్పాయి తిన్నావా అని ఒకరు, స్కూటరెక్కావా అని ఒకరు, మంచం ఏ దిక్కున వేశారని మరొకరు. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యరు. అందుకే రెండోసారి ఎవరికీ చెప్పలేదు. వైజాగ్‌లో వైద్యం మొదలుపెట్టినప్పుడు కూడా చెప్పకూడదని మా ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. అడిగినవాళ్ళకి మా అక్క ఇంటికి అనేదాన్ని. నాకు అక్క లేదు.

డాక్టరమ్మ ఉన్న పరీక్షలన్నీ రాసింది. రిపోర్టులు చూసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, కారణమేమీ కనపడటం లేదు. ఒకరకంగా అది మంచిదే" అంది. అన్నింట్లో నూటికి నూరు తెచ్చుకుని కూడా పరీక్ష తప్పినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆమె రాసిన సూదిమందులు చల్లగా ఉంచాలి. ఇక్కడి మందుల కొట్టులో తెప్పించుకోవచ్చు కానీ, పొద్దున అక్కడ చీటీ ఇస్తే సాయంత్రానికి కాలనీ క్లబ్బులో తెలిసిపోతుంది. అందుకని వైజాగ్‌లోనే కొని, స్టీలు డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో దాచేదాన్ని. పక్కన అచ్చు అలాంటిదే ఇంకో పెట్టెలో చేపలు. బండిలో ఎవరేమడిగినా నా జవాబు ఒకటే, వంజరం.

మొదటి నెలే పెట్టెలు మారిపోయాయి. పక్క క్వార్టర్‌లో టెక్కలి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటుంది, పిన్నీ అని పిలుస్తాను. ఆ నెల చుట్టాలొస్తున్నారని చేపలు తెమ్మంది. ఆవిడ పెట్టె ఆవిడకిచ్చి, ఇంటికొచ్చి నా పెట్టె మూత తీస్తే అందులో చేపముక్కలు! పరుగెత్తుకెళ్ళేసరికి పిన్ని గుమ్మంలోనే పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"పెట్టెలు మారిపోనాయమ్మా. నానింకా ఇప్పనేదు" అంది.

దేవుడు రక్షించాడనుకున్నాను. విప్పకుండానే మారిందని ఎలా తెలిసిందో అడగాలని నా బుర్రకి తట్టలేదు. అప్పట్నుంచి మాత్రం ఆవిడ ప్రతినెలా తయారు. "ఏటమ్మా, ఎప్పుడెల్తన్నావు? వంజరం అయిపోనాది." ఈవిడ తింటోందా, చెరువులో వదిలి పెంచుతోందా అని మా ఆయన దగ్గర విసుక్కునేదాన్ని.

మా ఆయన గనిలో కొండల్ని పేలుస్తాడు. నా పొట్ట మీద సూది గుచ్చాలంటే మాత్రం చేతులు వణికేవి. "కదలకు" అని నన్ను కసిరేవాడు. కదిలేది తనే.

అలా గుచ్చగా గుచ్చగా మూడోసారి నిలిచింది. స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాం. తొమ్మిదో వారంలో, బట్టలు ఆరేస్తుండగా, అదీ పోయింది. చప్పుడు పక్కింటికి వినపడకుండా బాత్రూములో కుళాయి విప్పి ఏడ్చాను. ఏడవడానికి కూడా ఏర్పాట్లు చేసుకోవాల్సి వచ్చిందే అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకోసారి ప్రయత్నిస్తే మళ్ళీ మొదట్నుంచి సూదులు మొదలుపెట్టాలంది డాక్టరమ్మ. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. నేను పెట్టె అటక మీద పడేశాను. ఇక చాలు.

రెండు నెలలు బండెక్కలేదు. ఒకరోజు పొద్దున్న పిన్ని వచ్చింది. "ఏటమ్మా, ఎల్లడం మానీసినావు? వంజరం నేక నోరు సచ్చిపోతంది."

నాకు ఒళ్ళు మండింది. "మీ నాలుక కోసం నేను బండెక్కి చావాలా పిన్నీ?" అనేశాను. ఆవిడ వెళ్ళిపోయింది.

మా రెండిళ్ళలోనూ పనిచేసే ఆమె ఇల్లు ఊడుస్తూ ఇదంతా విని, చీపురు పట్టుకునే నవ్వింది. ఆమెది హిందీ. ఆంటీ చేప ముట్టదు దీదీ, తింటే ఒళ్ళంతా దద్దుర్లు, అంకుల్‌కి వాసనే పడదు, మీరు తెచ్చే మచ్చీ అంతా మా ఇంటికే వస్తుంది, రెండు నెలల నుంచి అదీ లేదు అని చెప్పుకొచ్చింది. చివరి ముక్క మాత్రం కాస్త నిష్ఠూరంగానే అంది.

ఆమె ఊడవడం సగంలో ఉండగానే నేను పిన్ని వంటింట్లో ఉన్నాను. "మీరు చేప తినరట కదా?"

"తినకపోతే తెమ్మనకూడదేటి?" అంది. "నువ్వు బండెక్కాలంటే ఏదో వొంక ఉండాల గదా. అక్క ఇల్లంతావు. నీకు అక్కెక్కడిదే? మాకొక్కతే కూతురని మీయమ్మ వొచ్చినప్పుడు నాతోటే సెప్పినాది."

తర్వాత ఫ్రిజ్ తలుపు తీసింది. కింద కూరలు, పైన పాలు, పెరుగు. మధ్య అర శుభ్రంగా తుడిచి ఉంది, ఖాళీగా.

"ఆ పెట్టె ఇప్పి సూసిన దినం నుంచీ ఇది కాళీగానే ఉంచినాను. మీకు ఇన్వర్టరు నేదు, కరెంటు పోతే ఆ సూదులెక్కడెడతావు? అడుగుతావేమోనని సూసినాను. నువ్వడగనేదు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందంటారు. నేను రెండేళ్ళు తాగాను. ఆ ఫ్రిజ్ తలుపు పట్టుకుని, కుళాయి విప్పకుండా, బిగ్గరగా ఏడ్చాను.

తర్వాతి వారం బండెక్కాను. చేపలు పనిమనిషికి మాత్రమే తెచ్చాను, చీటీ ఆమే ఇచ్చింది కనుక. సూదులు పిన్ని ఫ్రిజ్‌లో ఉన్నాయి. రోజూ సాయంత్రం స్టీలు డబ్బా పట్టుకుని ఆవిడే వస్తుంది. మా ఆయన చేతులు వణుకుతుంటే, "కొండలు పేల్సినోడివి, సూదికి బయమేటి బాబూ" అని కసురుతుంది. ఈసారైనా నిలుస్తుందో లేదో డాక్టరమ్మకే తెలియదు. పోతే మాత్రం, ఎక్కడ ఏడవాలో నాకు తెలుసు.