బడే సాహెబు తేల్చని పోటీ

బడే సాహెబు లెక్కలో ఈ సృష్టిలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి రేసుకారు, రెండోది జీపు. మనిషైనా, మందుబిళ్లైనా, మామిడిపండైనా ఈ రెంటిలో ఒకదాని కింద వెయ్యందే ఆయనకు ముద్ద దిగదు. ఓసారి రేపల్లెలో పెళ్లిచూపులకు పెద్దమనిషిగా పిలిస్తే, పెళ్లికొడుకు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "రేసుకారేనండి. పికప్ బాగుంది. గతుకులొస్తేనే చెప్పలేం" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని పెళ్లిచూపులకు పిలిచినవాడు లేడు.

ఈ జబ్బుకి మూలం ఆయన షెడ్డులోనే ఉంది. ఒకప్పుడు మద్రాసు పందేల్లో ఉరికిన ఎర్రకారు. అందులో ఒక్క మనిషే పడతాడు, నేలకి జానెడెత్తు. పక్కన దానికన్నా ముసలి జీపు, లారీకి తోడబుట్టినట్టుంటుంది. తెనాలిలో స్పేరుపార్టుల కొట్టు తెరవడానికి ఆయన రోజూ పొద్దున్నే వెళ్లాలి. ఆ దారినే పందెం చేసేశాడు. జీపు తనది. కారు అన్నకొడుకు సల్మాన్‌ది.

సల్మాన్‌కి లోకమంటే మంట. డిగ్రీ మధ్యలో వదిలేసి, తెనాలి పాతపుస్తకాల కొట్లో దొరికిన మోటారు పత్రికలన్నీ నమిలేశాడు. ఆదివారం బాపట్లలో పాతకార్ల ప్రదర్శన. ఎర్రకారుని అక్కడ నిలబెడితే, తన చదువూ చదువేనని నలుగురూ ఒప్పుకుంటారని ఆశ. పోటీ తేలకుండా కారు ఇంకెక్కడికీ కదలదన్నాడు చాచా.

తేలితేగా! సల్మాన్ గెలిచిన ప్రతిసారీ ఆయనకో వంక దొరికేది. ఓరోజు కుర్రాడు తుమ్మాడన్నాడు. ఇంకోరోజు కారు తేలిక, అన్యాయమన్నాడు. ఖాళీ జీపు సరిగా పరిగెత్తదని, బరువు కోసం చేపలమ్మే కోటమ్మనీ ఆమె తోటి ఆడవాళ్లనీ గంపలతో సహా ఎక్కించుకునేవాడు. దారంతా వాళ్లని కదలొద్దని కసిరేవాడు.

గురువారం రోడ్డు మీద ఆరబోసిన వడ్లను కారు పొట్టతో ఊడ్చుకుపోయింది. రైతు సుందరయ్య, చివరి గింజ దులిపేదాకా సల్మాన్‌ని వదల్లేదు. శుక్రవారం వడ్లు ఎత్తేశారు. సల్మాన్ తెనాలి చేరి, రెండో టీ తాగుతుండగా జీపు రొప్పుతూ వచ్చింది.

"వడ్లు లేని దారి కారు పక్షం," అన్నాడు సాహెబు దిగుతూనే.

సల్మాన్‌కి ఒళ్లు మండింది. పోటీ అయిపోయిందనీ, రేపట్నుంచి బరువులు అక్కర్లేదనీ కోటమ్మకి చెప్పేశాడు.

కోటమ్మ గంప దించింది. "సర్లే అబ్బాయ్. గంప చూస్తే బస్సువాడు ఆపడు. తెనాలి బేరం మానుకుంటాం."

"పోటీ లేకపోతే చాచా ఎక్కించుకోడా అత్తా?"

"సాయిబుగారు ఎక్కించుకుంటారు. నేనెక్కను. పనికొస్తున్నాను గనక కూర్చున్నాను. ఊరికే ఒకరి బండెక్కే రకం కాదు మేము."

సల్మాన్ చాచా వైపు చూశాడు. ఆయన జీపు టైరుని, ఇప్పుడే పుట్టిన మనవణ్ణి చూసినంత శ్రద్ధగా చూస్తున్నాడు. జన్మలో మొదటిసారి ఆయనకి వంక దొరకలేదు.

సల్మాన్ టీగ్లాసు పక్కన పెట్టాడు. బాపట్ల ఒక్కసారి కళ్లముందు మెదిలి వెళ్లిపోయింది.

"వడ్లు కాదు చాచా, గాలి. వెనకనుంచి తోసింది. ఈ పోటీ చెల్లదు."

సాహెబు గొంతు సవరించుకున్నాడు. తనకూ ఆ అనుమానం ఉందన్నాడు. ఆ గాలి సంగతి వేరే రోడ్డు మీద కూడా పరీక్షించాలి కాబట్టి, ఆదివారం కారు బాపట్ల తీసుకెళ్లమన్నాడు.

కోటమ్మ గంప నెత్తికెత్తుకుంటూ ఆగింది.

"మరి జీపు రావద్దా? బాపట్లోళ్లు మాత్రం చేపలు తినరా ఏంటి?"